గట్టిరాయిలో ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్: రాయగడ వైపు 6 కి.మీ. లైనుకి పనికొస్తుందా?

గుణుపురం_గనులు (రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారమండి. రాయగడ జిల్లాలో ఖొండలైటు, చార్నొకైటు అనే రెండు గట్టిరాళ్లు కలిసే చోట అడ్డంగా ఒక సైస్మిక్ లైను (నేలలోకి తరంగాలు పంపి కొలిచే వరస) వేసే ఆలోచన ఉంది. పొడవు 6 కి.మీ., 25 మీటర్లకొకటి చొప్పున 240 నోడ్లు (విడిగా రికార్డు చేసే పెట్టెలు), వాటిలో 10 హెర్ట్జ్ జియోఫోన్లు (నేల కదలికని పట్టే సెన్సర్లు). సోర్సు: బండి మీద బిగించిన వెయిట్ డ్రాప్ (బరువుని నేల మీద పడేసే యంత్రం), 50 మీటర్లకొక షాట్ (దెబ్బ). ఖొండలైటులో మాంగనీసు పట్టీలు నిటారుగా దిగుతున్నాయి. 500 మీటర్ల లోతు దాకా వేగాల పటం కావాలి.

మామూలు రిఫ్లెక్షన్ ప్రాసెసింగ్‌తో ఈ వాలుల్లో ఏమీ తేలదని, ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్ (రికార్డయిన అలని లెక్కగట్టిన అలతో సరిపోల్చుతూ నేలలో వేగాలు కనుక్కోవడం) చేస్తేనే బొమ్మ వస్తుందని సలహా వచ్చింది. ఎకూస్టిక్ (పీ తరంగాలు, అంటే నొక్కుడు తరంగాలు మాత్రమే లెక్కించేది) సరిపోతుందా, ఎలాస్టిక్ (అడ్డంగా ఊగే ఎస్ తరంగాల్ని కూడా లెక్కించేది) కావాలా? ఎన్ని హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టాలి? మొదటి మోడల్ (లెక్క మొదలుపెట్టే వేగాల అంచనా) ఎలా కట్టాలి?

జయపురం_తరంగం (కొరాపుట్ జిల్లా)

కోడు సంగతి తర్వాత. 500 మీటర్ల లోతుకి మీ తరంగాలు అసలు దిగుతాయో లేదో ముందు చూడండి.

ఈ పద్ధతికి మూలం 1983లో లెయిలీ, 1984లో టారంటోలా రాసిన గణితం. తర్వాత దాన్ని బాగా వాడుకున్నది చమురువాళ్లు. అవక్షేపాల్లో వేగం లోతుతో చకచకా పెరుగుతుంది. అందుకని తరంగం కిందికి దిగి, వంగి, మళ్లీ పైకొస్తుంది. ఇన్వర్షన్‌కి నమ్మకమైన సమాచారమంతా ఆ వంగి వచ్చే అల నుంచే. మన తూర్పు కనుమల్లో మొరం దాటి తాజా రాయి తగిలాక వేగం దాదాపు ఒకేలా ఉంటుంది. వేగం పెరగకపోతే అల వంగదు.

పైన వేగం "వే", కిలోమీటరు లోతుకి అది పెరిగే రేటు "పె", షాట్ నుంచి జియోఫోన్‌కి దూరం "దూ" అనుకుంటే:

గరిష్ఠ లోతు = (వే ÷ పె) × [√(1 + (పె × దూ ÷ 2వే)²) − 1]

అవక్షేప బేసిన్‌కి వే 2.0 కి.మీ./సె., పె 0.7, దూ 6 కి.మీ. పెట్టండి: 1.29 కి.మీ. వస్తుంది. గట్టిరాయికి వే 5.5, పె 0.5 పెడితే అదే 6 కి.మీ. దూరానికి 400 మీటర్లే. పె 0.1 అయితే 82 మీటర్లు! చెక్కుచెదరని చార్నొకైటులో ఈ రెండో పరిస్థితే ఎక్కువ.

ఇంకో చిక్కుంది. 6 కి.మీ. దూరం దొరికేది లైను చివర కొట్టిన షాట్లకే. మధ్యలో కొట్టిన షాట్‌కి అటూ ఇటూ 3 కి.మీ. మాత్రమే. పె 0.5 అనుకున్నా ఆ దూరానికి లోతు 100 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే మీ లైను ఇలాగే ఉంటే ఇన్వర్షన్ నిజంగా చూడగలిగేది పై 100 నుంచి 300 మీటర్లు. 500 మీటర్ల దగ్గర కనిపించే రంగులు చాలావరకు మీరు మొదట పెట్టిన మోడల్‌లోవే అవుతాయి.

కుదిరితే నోడ్లు ఉన్నచోటే ఉంచి, లైను రెండు కొసల బయట మరో 3 కి.మీ. దాకా షాట్లు వేయండి. అక్కడ 50 మీటర్లకొకటి అక్కర్లేదు, 200 మీటర్లకొకటి చాలు. నోడ్లు కొనకుండా లోతు పెంచుకునే సులువైన దారి ఇదే.

పర్లాకిమిడి_లెక్కలు (గజపతి జిల్లా)

జయపురం గారు చెప్పినదానికి సైకిల్ స్కిప్పింగ్ లెక్క కలుపుతాను.

ఇన్వర్షన్ చేసే పని, లెక్కగట్టిన అలని రికార్డయిన అల మీద కూర్చోబెట్టడం. రెండింటి మధ్య తేడా అర ఆవర్తనం దాటితే ప్రోగ్రాము పక్క శిఖరాన్ని పట్టుకుంటుంది. ఎర్రర్ తగ్గుతూనే ఉంటుంది, మోడల్ మాత్రం తప్పు దారిలో పోతుంది. 6 కి.మీ. దూరానికి తొలి రాక (అందరికంటే ముందు చేరే అల) సుమారు 1.07 సెకన్లు. మొదటి మోడల్‌లో వేగం 5 శాతం తప్పితే 53 మిల్లీసెకన్ల తేడా. 10 హెర్ట్జ్‌కి అర ఆవర్తనం 50 మిల్లీసెకన్లు, అంటే అప్పటికే స్కిప్ అయినట్టే. 5 హెర్ట్జ్‌తో మొదలుపెడితే 100 మిల్లీసెకన్ల వెసులుబాటు ఉంటుంది.

గట్టిరాయిలో 5 శాతం అంటే 300 మీ./సె. తాజా రాయి విషయంలో అంత తప్పు జరగదు. తప్పు జరిగేది మొరంలో. 800 మీ./సె. వేగమున్న మొరం ఒకచోట 5 మీటర్లు, పక్కన 20 మీటర్లు ఉందనుకోండి. నిలువునా ఆలస్యం ఒకచోట 6, పక్కన 25 మిల్లీసెకన్లు. ఆ 19 మిల్లీసెకన్ల తేడా 30 హెర్ట్జ్ అర ఆవర్తనం కంటే ఎక్కువ. దాన్ని మొదటి మోడల్‌లో పెట్టకపోతే ఆ ఆలస్యాన్ని ఇన్వర్షన్ తాజా రాయిలో తోసేస్తుంది. లేని "ఫాల్టులు" ఇలాగే పుడతాయి.

కాబట్టి వరస ఇలా ఉండాలి: తొలి రాకల్ని చేత్తో పిక్ చేయడం (రికార్డు మీద గుర్తించడం), ట్రావెల్‌టైమ్ టోమోగ్రఫీ (రాక సమయాల నుంచి వేగాల పటం కట్టడం), అందులో తేడా సగటున 10 మిల్లీసెకన్ల లోపుకి తేవడం. ఆ తర్వాతే వేవ్‌ఫామ్. బ్యాండ్లు 4–8, 4–12, 4–18, 4–25 హెర్ట్జ్ అని మెట్లుగా పెంచండి. తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి మెట్లెక్కించే ఈ పద్ధతి 1995లో బంక్స్ బృందం చూపించినదే, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. ఒక్కో బ్యాండుకి 10 నుంచి 20 ఇటరేషన్లు. ఎర్రర్ తగ్గడం నిలిచిపోతే ముందుకెళ్లండి, సాగదీయకండి.

సిరొంచ_గోదారి (గడ్చిరోలి జిల్లా)

లెక్కలు బాగున్నయి గని, 10 హెర్ట్జ్ జియోఫోన్ల తోని 4 హెర్ట్జ్ ఎట్ల వస్తదన్నా? 10 కింద ప్రతి ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారి) 12 డెసిబెల్స్ పడిపోతది. 5 హెర్ట్జ్ కాడికి వచ్చేసరికి నాలుగో వంతే మిగులుతది. ఆ నోడ్లు పక్కకు పెట్టి 5 హెర్ట్జ్‌వి కిరాయికి తెచ్చుకోవుడే నయం.

జయపురం_తరంగం

తేవడం మంచిదే, కానీ 10 హెర్ట్జ్‌వి పనికిరావు అనలేం. జియోఫోన్ తగ్గించేది సిగ్నల్‌నీ, నేల నుంచి వచ్చే నాయిస్‌నీ ఒకే నిష్పత్తిలో. ఇన్‌స్ట్రుమెంట్ కరెక్షన్ చేస్తే రెండూ తిరిగొస్తాయి. ఆ కరెక్షన్‌తో అదనంగా పెరిగేది రికార్డర్ సొంత ఎలక్ట్రానిక్ నాయిస్ మాత్రమే, 24 బిట్ నోడ్లలో అది బాగా తక్కువ. 5 హెర్ట్జ్ దాకా చాలాసార్లు రాబట్టుకోవచ్చు. కరెక్షన్ చేయకుండా ఇన్వర్షన్‌కి ఇస్తే మాత్రం ఫేజ్ (అల శిఖరాల స్థానం) తిరిగిపోయి ఉంటుంది, అప్పుడు మునిగినట్టే.

అసలు అడ్డంకి సోర్సు. వెయిట్ డ్రాప్‌లో 8 హెర్ట్జ్ కింద శక్తి తక్కువ. ఒకేచోట 16 దెబ్బలు స్టాక్ చేస్తే (కలిపి సగటు తీస్తే) సిగ్నల్ నాయిస్ నిష్పత్తి నాలుగు రెట్లు, అంటే 12 డెసిబెల్స్ పెరుగుతుంది. బయట కొసల్లో కొట్టే దూరపు షాట్లకి కనీసం అది చేయండి. బేస్ ప్లేటు మెత్తటి మట్టిలో దిగిపోతుంటే మొదటి మూడు నాలుగు దెబ్బలు స్టాక్‌లో కలపకండి, ప్లేటు కుదురుకునేదాకా ప్రతి దెబ్బకీ వేవ్‌లెట్ (దెబ్బ పుట్టించే అల ఆకారం) మారుతుంది.

సిరొంచ_గోదారి

ఆ మాట ఒప్పుకుంట. మరి రైలు? రాయగడ మీదికెళ్లి విజయనగరం–రాయ్‌పూర్ లైను పోతది. మీ కొరాపుట్ దిక్కు కిరండూల్ ఇనుపరాయి బండ్లు. బరువు బండి పోతుంటే తక్కువ ఫ్రీక్వెన్సీలనే నేల ఊగుతది, మనకు కావాల్సింది గూడ ఆ ఫ్రీక్వెన్సీనే. పట్టాలకు 2 కి.మీ. లోపట షాట్లుంటే బండ్లు లేని టైముల కొట్టాలె, లేకుంటే ప్రతి దెబ్బను విడిగ దాచుకొని రైలొచ్చినయి తీసేసి స్టాక్ చెయ్యాలె. కొట్టంగనే నోడ్లనే స్టాక్ చేసి పారేస్తే మళ్ల ఏరుకునుడు కాదు.

ఇంకోటి. లాటరైటు గట్టి పెంకు మీద జియోఫోన్ మేకు దిగది. ఊగుతున్న మేకుతోని తీసిన డేటా ఫేజ్ తప్పుతది. చిన్న డ్రిల్లుతోని బెజ్జం వేసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి నిలబెట్టుండ్రి.

గుణుపురం_గనులు

చాలా విలువైన విషయాలండి. ఒక ఇబ్బంది చెప్పడం మరిచాను. లైను ఘాట్ రోడ్డు వెంట వెళ్తుంది. సరళరేఖ నుంచి కొన్నిచోట్ల 800 మీటర్లు పక్కకి పోతుంది. 2డీ ఇన్వర్షన్‌కి దాన్ని సరళరేఖ మీదకి ప్రొజెక్ట్ చేస్తే సరిపోతుందా?

పర్లాకిమిడి_లెక్కలు

సరిపోదు. అసలు దూరం 3 కి.మీ., పక్కకి 800 మీటర్లు అనుకోండి. ప్రొజెక్ట్ చేస్తే దూరం 2.89 కి.మీ. అవుతుంది. 109 మీటర్లు మాయం, అంటే 6 కి.మీ./సె. దగ్గర 18 మిల్లీసెకన్లు. 10 హెర్ట్జ్ దగ్గర పర్వాలేదు గానీ 27 హెర్ట్జ్‌కి సరిగ్గా అర ఆవర్తనం. మొదటి మూడు బ్యాండ్లు బాగుండి, చివరి బ్యాండ్‌లో ఉన్నట్టుండి మోడల్ గజిబిజి అయితే ముందు అనుమానించాల్సింది ఇదే.

రెండు మార్గాలు. ఒకటి, ప్రతి షాట్–రిసీవర్ జతకీ అసలు దూరం చెడకుండా ఉంచి, అది కుదరని జతల్ని వదిలేయడం. రోడ్డు మెలికల దగ్గర మూడో వంతు ట్రేసులు (ఒక్కో జియోఫోన్ రికార్డులు) పోయినా ఫరవాలేదు. రెండోది, 8 నుంచి 12 హెర్ట్జ్ దాకా 3డీలోనే చేయడం. తక్కువ ఫ్రీక్వెన్సీలో గ్రిడ్ పెద్దది కనుక 3డీ భారం మరీ అంత ఉండదు.

2డీ కోడు వాడితే ఇంకో దిద్దుబాటు తప్పదు. నిజం దెబ్బ ఒక బిందువు నుంచి గోళంలా విస్తరిస్తుంది, 2డీ కోడులో సోర్సు ఒక గీత. ట్రేసుని కాలం వర్గమూలంతో గుణించడం ఒక్కటే చేసి ఊరుకుంటారు చాలామంది. దానితో ఆంప్లిట్యూడ్ మాత్రమే సరవుతుంది. కాలం వర్గమూలపు విలోమంతో కాన్వల్యూషన్ కూడా చేయాలి, లేకపోతే ఫేజ్‌లో 45 డిగ్రీల తేడా మిగిలిపోతుంది.

జయపురం_తరంగం

ఎకూస్టిక్, ఎలాస్టిక్ ప్రశ్న మిగిలిపోయింది. నా అభిప్రాయం: పై 300 మీటర్ల కోసం ఎకూస్టిక్‌తో మొదలుపెట్టవచ్చు, కానీ తొలి రాక చుట్టూ కిటికీ బిగించాలి. తొలి రాక తర్వాత 100 నుంచి 150 మిల్లీసెకన్ల దాకా ఉంచి మిగతాది మ్యూట్ చేయండి. ఉపరితల తరంగాలు, ఎస్ తరంగాలు లోపలికి వస్తే ఎకూస్టిక్ కోడు వాటిని పీ తరంగాలుగా వివరించాలని చూసి మోడల్‌ని నాశనం చేస్తుంది. ఆంప్లిట్యూడ్‌ని నమ్మొద్దు, ప్రతి ట్రేసునీ నార్మలైజ్ చేసి ఫేజ్‌నే సరిపోల్చండి.

పర్లాకిమిడి_లెక్కలు

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. మొరానికీ తాజా రాయికీ మధ్య వేగం ఆరేడు రెట్లు మారుతుంది. అంత తేడా ఉన్నచోట పీ తరంగంలో కొంత భాగం ఎస్‌గా మారిపోతుంది, తొలి రాక వెనకే తగులుకుని వస్తుంది. 150 మిల్లీసెకన్ల కిటికీలో అదీ పడుతుంది. నేనైతే 80కి తగ్గిస్తాను.

ఖర్చు మాత్రం జయపురం గారి పక్షానే ఉంది. 30 హెర్ట్జ్ దాకా, 6 కి.మీ. × 1.5 కి.మీ. మోడల్‌కి:

ఎకూస్టిక్: కనిష్ఠ వేగం 800 మీ./సె., అల పొడవు 27 మీటర్లు, గ్రిడ్ 5 మీటర్లు. 3.6 లక్షల గడులు. టైమ్ స్టెప్ 0.46 మిల్లీసెకన్లు, 2 సెకన్లకి సుమారు 4,300 మెట్లు.

ఎలాస్టిక్: మొరంలో ఎస్ వేగం 300 మీ./సె., అల పొడవు 10 మీటర్లు, ఒక్కో అలకి 8 బిందువులు, గ్రిడ్ 1.25 మీటర్లు. 57.6 లక్షల గడులు. టైమ్ స్టెప్ 0.117 మిల్లీసెకన్లు, సుమారు 17,000 మెట్లు.

గడులు 16 రెట్లు, మెట్లు 4 రెట్లు, మొత్తం 64 రెట్ల పని. 12 హెర్ట్జ్ దాకా ఎలాస్టిక్ చేసి ఆ పైన ఎకూస్టిక్‌కి మారకండి, రెండు భౌతికాలూ కలవవు. ఏదో ఒకటి పట్టుకోండి. కోడుల్లో డెనిస్, స్పెక్‌ఫెమ్–సైస్‌ఫ్లోస్ ఎలాస్టిక్‌కి, డెవిటో, డీప్‌వేవ్ త్వరగా ప్రయోగాలు చేసుకోవడానికి. కొండ వాలు ఎక్కువైతే స్పెక్‌ఫెమ్ నయం. దాని మెష్ నేల వంపుని అనుసరిస్తుంది, చదరపు గ్రిడ్‌లో కొండవాలు మెట్లు మెట్లుగా మారి దొంగ డిఫ్రాక్షన్లు (అంచుల దగ్గర చెదిరే అలలు) పుట్టిస్తుంది.

బల్లార్షా_బోర్‌హోల్ (చంద్రపూర్ జిల్లా)

అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు. ఖనిజం వేగంలో కనిపిస్తుందా అనేది ముందు కోర్ మీద కొలవాలి కదండీ.

గ్రానైటు: 6.0 కి.మీ./సె., సాంద్రత 2.67. పైరైటు: సుమారు 8.0, 5.0. పిర్రోటైటు: 4.7, 4.6. చాల్కోపైరైటు: 5.5, 4.2. మాగ్నటైటు: 7.4, 5.2. వేగం మాత్రమే చూసే ఇన్వర్షన్‌కి పైరైటు రాయికంటే వేగంగా, పిర్రోటైటు రాయికంటే నెమ్మదిగా కనిపిస్తాయి. రెండూ ఒకే ఖనిజపు ముద్దలో కలిసి ఉంటే వేగంలో తేడా కొట్టుకుపోయి ఏమీ కనిపించకపోవచ్చు! సాంద్రతతో కలిపి ఇంపిడెన్స్ (వేగం × సాంద్రత) చూస్తే రెండూ బయటపడతాయి. గట్టి పిర్రోటైటుకీ గ్రానైటుకీ రిఫ్లెక్షన్ గుణకం (హద్దు దగ్గర వెనక్కొచ్చే అల వంతు) 0.15 దాకా వస్తుంది. పని జరగాలంటే 0.06 ఉండాలని గట్టిరాయి సైస్మిక్‌లో వాడుక.

మా వైపు థానేవాస్నా రాగి లాంటిచోట, షియర్ జోన్‌లో ఖనిజం సన్నగా చెదిరి ఉన్నప్పుడు, పరిమాణంలో 5 శాతం చాల్కోపైరైటు ఉందనుకున్నా గుణకం 0.012 మాత్రమే. రాగి కనిపించదు. కనిపిస్తే నలిగి మెత్తబడిన షియర్ జోన్ తక్కువ వేగంగా కనిపిస్తుంది, దాన్ని బట్టి బోరు ఎక్కడ వేయాలో నిర్ణయించాలి. మాంగనీసు విషయంలోనూ అంతే: పట్టీ ఎంత మందం? 40 హెర్ట్జ్ దగ్గర 6 కి.మీ./సె. వేగానికి అల పొడవు 150 మీటర్లు. ఇన్వర్షన్ విడదీయగలిగేది దాదాపు సగం, 75 మీటర్లు. 10 మీటర్ల పట్టీని ఏ కోడూ పైనుంచి చూపించలేదు.

నిటారు పట్టీలకి మంచి దారి ఇప్పటికే ఉన్న బోరులో రిసీవర్లు దించడం. 400 మీటర్ల బోరులో 5 మీటర్లకొక హైడ్రోఫోన్ లేదా ఫైబర్ కేబుల్ పెట్టి పైన షాట్లు కొడితే, అల పట్టీని అడ్డంగా దాటుకుని వస్తుంది. వంగి పైకి రావాల్సిన పనే లేదు కాబట్టి జయపురం గారు చెప్పిన లోతు చిక్కు అక్కడ ఉండదు. బోరు నిటారుగా దిగిందని నమ్మొద్దు, డీవియేషన్ సర్వే తప్పనిసరి. 400 మీటర్ల అడుగున 20 మీటర్లు పక్కకి పోయి ఉంటే 3 మిల్లీసెకన్ల తప్పు, వంద హెర్ట్జ్ డేటాలో అది పావు ఆవర్తనం కంటే ఎక్కువ.

దామన్‌జోడి_మాలి (కొరాపుట్ జిల్లా)

కొంచెం పక్కకి వెళ్తున్నాను, క్షమించండి. లోతు ఇంత కష్టమైతే, బాక్సైటు మాలీల (బల్లపరుపు కొండల) మీద ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేయాలి కదా? పంచపత్‌మాలిలో పైన లాటరైటు సగటున 3 మీటర్లు, బాక్సైటు 14 మీటర్లు. కింద మెత్తటి సుద్ద, దాని కింద ఖొండలైటు. ఇలాంటిచోట రిఫ్రాక్షన్ (తొలి రాకల సమయాల నుంచి పొరల లోతు లెక్కించడం) చేస్తే తాజా రాయి ఎప్పుడూ బోరులో కంటే లోతుగా వస్తుంది, ఎందుకు?

జయపురం_తరంగం

పక్కకి కాదండీ, మన జిల్లాల్లో ఈ పద్ధతికి అసలైన చోటు అదేనని నా నమ్మకం.

మీ ప్రశ్నకి జవాబు వేగాల వరస తలకిందులవడం. పైన గట్టి పెంకు, కింద దానికంటే మెత్తటి సుద్ద. వేగం తగ్గే పొర మీదనుంచి తొలి రాక ఎప్పటికీ రాదు, అల కిందికే వంగిపోతుంది. రిఫ్రాక్షన్ ప్రోగ్రాముకి ఆ పొర ఉన్నట్టే తెలియదు. సుద్దలో జరిగిన ఆలస్యాన్నంతా పై పెంకు వేగంతో గుణిస్తుంది, అందుకే లోతు ఎక్కువొస్తుంది.

ఉపరితల తరంగానికి ఆ అడ్డు లేదు, ఎస్ వేగం తగ్గినా పెరిగినా దానికి తెలుస్తుంది. కానీ డిస్పర్షన్ వక్రాన్ని (ఫ్రీక్వెన్సీని బట్టి వేగం మారే గీతని) పిక్ చేసే మామూలు పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది. వేగం తలకిందులైనచోట పై మోడ్లు (అదే తరంగం వేరే వేగాలతో నడిచే రూపాలు) బలంగా ఉంటాయి, వాటిని మూల మోడ్ అనుకుని పిక్ చేస్తే సుద్ద పొర మాయమవుతుంది. మొత్తం అలని సరిపోల్చే ఎలాస్టిక్ ఇన్వర్షన్‌లో మోడ్ ఏదో చెప్పాల్సిన పనే లేదు.

అమరిక: 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు 48, దూరం 2 మీటర్లు. 8 కిలోల సమ్మెట, ఒక్కోచోట 5 నుంచి 8 దెబ్బలు. ప్రతి 4 మీటర్లకొక షాట్, రెండు కొసల బయట 10 మీటర్ల దగ్గర ఒక్కొక్కటి. 30 మీటర్ల లోతు కావాలంటే కనీసం 60 మీటర్ల అల పొడవు అందాలి, 600 మీ./సె. వేగానికి అది 10 హెర్ట్జ్. సమ్మెటతో వస్తుంది. గుణుపురం గారి 25 మీటర్ల నోడ్లు దీనికి పనికిరావు: 400 మీ./సె. ఉపరితల తరంగం అక్కడ 8 హెర్ట్జ్ పైనే ఎలియాస్ అయిపోతుంది (నోడ్లు దూరమై తప్పు అలగా కనిపిస్తుంది).

క్యూ విలువ (తక్కువైనకొద్దీ అల త్వరగా చచ్చిపోతుంది) మరవకండి. మొరం, సుద్దల్లో అల శక్తి త్వరగా చచ్చిపోతుంది. క్యూని 10 నుంచి 30 మధ్య ఒక అంకెగా మోడల్‌లో పెట్టండి. అసలు పెట్టకపోతే ఆ బలహీనతని కోడు వేగం మార్చి పూడుస్తుంది.

దామన్‌జోడి_మాలి

బాక్సైటు అడుగు నేరుగా వస్తుందా?

జయపురం_తరంగం

గట్టి బాక్సైటుకీ సుద్దకీ మధ్య అయితే ఎస్ వేగం పడిపోవడం కనిపిస్తుంది. పొడి బాక్సైటు అయితే రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడ బోరే దిక్కు. అల్యూమినా శాతం ఏ తరంగమూ చెప్పదు. రెండు బోర్ల మధ్య హద్దు ఎలా నడుస్తోందో చెప్పడమే దీని పని.

గుణుపురం_గనులు

ఫలితం వచ్చాక అది నిజమా, కోడు సృష్టా అని ఎలా తేల్చుకోవాలి?

పర్లాకిమిడి_లెక్కలు

మూడు పరీక్షలు చేయండి. షాట్లలో పదో వంతు ఇన్వర్షన్‌కి ఇవ్వకుండా దాచండి, చివరి మోడల్‌తో వాటిని లెక్కగట్టి అసలు రికార్డుతో పోల్చండి. ఎర్రర్ మిగతా షాట్లలో తగ్గి వీటిలో తగ్గకపోతే మోడల్ నాయిస్‌ని నేర్చుకుంది. రెండు, ఒకటి కాదు మూడు వేర్వేరు మొదటి మోడళ్లతో నడపండి. మూడింటిలోనూ ఒకేచోట వచ్చిన ఆకారాన్నే నమ్మండి. మూడు, ప్రతి షాట్‌కీ అంచనా వేసిన సోర్సు వేవ్‌లెట్లన్నీ పక్కపక్కన గీయండి. వెయిట్ డ్రాప్ ఒకటే కాబట్టి అవి పోలికగా ఉండాలి. ఒక చోట వేవ్‌లెట్ సాగిపోయి కనిపిస్తే ఆ షాట్ కింద మొరం తప్పుగా ఉన్నట్టు.

చెకర్‌బోర్డ్ పరీక్ష (చదరంగం గళ్లలాంటి ఉత్తుత్తి మోడల్ తిరిగొస్తుందా అని చూడడం) ఒక్కటే చూపించి తృప్తిపడే నివేదికలు చాలా కనిపిస్తాయి. అందులో సింథటిక్ డేటాకీ, ఇన్వర్షన్‌కీ ఒకటే భౌతికం వాడతారు కాబట్టి ఎప్పుడూ అందంగానే వస్తుంది. ఎలాస్టిక్‌తో డేటా పుట్టించి ఎకూస్టిక్‌తో ఇన్వర్ట్ చేసి చూడండి, అసలు పరిస్థితి తెలుస్తుంది.

బల్లార్షా_బోర్‌హోల్

నాలుగోది కూడా: బోరులో సోనిక్ లాగ్ (బోరు గోడ వెంట కొలిచిన వేగాలు) ఉంటే దాన్ని మొదటి మోడల్‌లో పెట్టకండి, చివర పోల్చడానికి ఉంచుకోండి. లాగ్ కిలోహెర్ట్జ్ మీద కొలిచింది, మన డేటా 25 హెర్ట్జ్. పోల్చేముందు లాగ్‌ని సగం అల పొడవున, అంటే సుమారు 120 మీటర్ల పొడవున సగటు చేయాలి.

సిరొంచ_గోదారి

లైనంత ఒక్క సీజన్లనే ముగించుండ్రి. వాన పడి నీటిమట్టం లేస్తే మొరంల పీ వేగం 600 నుంచి 1500 దాక ఎగుస్తది, ఎస్ వేగం దాదాపు అట్లనే ఉంటది. సగం షాట్లు మే నెలల, సగం ఆగస్టుల కొడితే రెండు వేరే నేలలైతయి. ఒక మోడల్ రెండింటికి సరిపోదు.

మీది ఐదో షెడ్యూలు జిల్లా. నోడ్లు పెట్టకముందే గ్రామసభల కూసొని దెబ్బ ఎక్కడ కొడతరు, ఎన్ని దినాలు ఉంటరు, బోరు వేస్తరా లేదా అని ఒడియాల, కువిల చెప్పించుండ్రి. 2013ల నియమగిరి మీద 12 గ్రామసభలు బాక్సైటు గని వద్దన్న సంగతి అక్కడ అందరికీ ఎరుకే. ఖనిజం వెతుకుతున్నమన్న మాట దాయొద్దు. అడవిలకు బండి పోవాల్నంటే అటవీ శాఖ అనుమతి వేరే. వెయిట్ డ్రాప్ చాలక డైనమైట్‌కు పోతే 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ వర్తిస్తయి, ఆ కాయితాలకే నెలలు పడ్తయి. అందుకే వానలు వెనుకబట్టంగనే కాయితాలు మొదలుపెట్టి, ఫిబ్రవరి నుంచి మే లోపట షాట్లు అయిపోయేటట్టు చూసుకోండ్రి.